అక్క మొదలుపెట్టే నాలుగు గడులు

అక్క పోయిన రోజు మంగళవారం. పొద్దున పదిన్నరకు అతను కట్టుడు పళ్లు చేసే ల్యాబులో కూర్చుని, ఎవరో పెద్దాయన కోసం కింది పళ్ల వరసకు మైనం అద్దుతున్నాడు. ఫోను మోగింది. అవతల బావ. "వచ్చెయ్‌రా" అన్నాడు, అంతే. అతను దీపం ఆర్పి, చేతిలోని పనిని తడిగుడ్డలో చుట్టి పక్క బల్లవాడికి అప్పగించి బయల్దేరాడు. ఆస్పత్రికి చేరేసరికి ఎవరికీ చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. మంచం పక్కన గోడకు ఆనించి అక్క టెనర్ సాక్సఫోన్ పెట్టె ఉంది. పదకొండు రోజుల కింద ఆస్పత్రిలో చేరుతూ, నాలుగు రోజుల్లో వచ్చేసేదానికి ఇంట్లో ఎందుకు వదలాలని వెంట తెచ్చుకుంది. బావ ఒక చేత్తో మందుల సంచి, ఇంకో చేత్తో ఆ పెట్టె పట్టుకుని ఐదంతస్తులు మెట్లు దిగాడు. ఆయన లిఫ్టుల మెకానిక్. ఆ రోజు లిఫ్టు ఎక్కలేదు.

ఏడు వారాల తర్వాత ఒక సోమవారం, సంగీతం హాలు మేనేజరు ఫోన్ చేశాడు.

"శనివారం సాయంత్రం ఆరింటికి మొదటి అంశం ఎప్పట్లాగే మీదే అని రాసుకున్నాం సార్. కుదరకపోతే మొహమాటపడకండి. గురువారంలోగా చెప్తే ఇంకొకరిని చూసుకుంటాం."

"గురువారం చెప్తాను" అన్నాడు అతను.

ఏటా ఆ హాల్లో కచేరీల కాలం ఆ అక్కాతమ్ముళ్లతోనే మొదలయ్యేది. వాళ్లు వాయించేది ఒకే ఒక్క పాట. పేరు 'మెట్లు'. చిన్నప్పుడు ఇంట్లో ఊదితే నాన్న కసురుకునేవాడు. అందుకని ఇద్దరూ అపార్ట్‌మెంటు మెట్ల మీదికి పోయి ఊదేవాళ్లు. అక్కడ గోడలు ప్రతి స్వరాన్నీ కాసేపు అట్టిపెట్టుకుని గాని వదిలేవి కావు. పాట అక్కడే పుట్టింది. అక్క లిఫ్టుల మెకానిక్‌ని పెళ్లి చేసుకున్నాక, "మా ఇంట్లో ఉంటూ మెట్ల పాట వాయిస్తారా, నా పొట్ట కొట్టడానికి కాకపోతే" అని బావ ఇరవై ఏళ్లుగా అంటూనే ఉన్నాడు. అంటూనే ప్రతి కచేరీకీ మైకులు మోసి, తీగలు పరిచి, శబ్దాలు సరిచూసే మిక్సర్ ముందు కూర్చునేవాడు.

పాటలో రెండు గొంతులు. పైన అతని ఆల్టో, చిన్న సాక్సఫోన్. కింద అక్క టెనర్, దానికంటే పెద్దది, బరువైన గొంతుది. రెండోది లేకపోతే మొదటిది సగం మాట. ఈసారి రానని చెబితే వచ్చే ఏడు ఎవరూ అడగరు. పాట కాగితాల్లో ఉండిపోతుంది. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటుంది. ఏడు వారాలుగా అతను సాక్సఫోన్‌కు నోరు ఆనించలేదు. ఇప్పుడు కూడా ఆనించకపోతే ఇక ఎప్పటికీ ఆనించలేనని అతనికి తెలుసు.

ఆ సాయంత్రం బావకు ఫోన్ చేశాడు.

"టెనర్ వాయించేవాళ్లు దొరక్కపోతార్రా చిన్నోడా" అన్నాడు బావ. నలభై రెండేళ్లొచ్చినా ఆయనకు ఇతను చిన్నోడే.

"దొరుకుతారు. కానీ అక్క రాసిన కాగితం వాళ్ల ముందు పెట్టి, ఇక్కడ ఊపిరి తీసుకోండి, ఇక్కడ తీసుకోకండి అని చెప్పడం నావల్ల కాదు బావా."

ఇంకో దారి కూడా అతనే చెప్పాడు.

"ఒక్కడే ఊదితే రెండు గొంతులొచ్చే పెట్టెలున్నాయట. గిటార్ వాళ్లు కాళ్లతో తొక్కుతారు చూడు, అలాంటివి. రేపు వెళ్లి చూస్తా. నువ్వూ రారాదూ?"

"నేను రాను. మైకులూ తీగలూ అన్నీ చుట్టి అటకెక్కించాను. ఇంక వాటిని ముట్టుకోను" అన్నాడు బావ.

"సరే."

"నువ్వెళ్లు" అని ఫోన్ పెట్టేశాడు బావ.

మర్నాడు ల్యాబు నుంచి నేరుగా వెళ్లాడు, ఆల్టో వీపున వేసుకుని. దుకాణం పొడుగ్గా, ఇరుగ్గా ఉంది. ఒక గోడ నిండా గిటార్లు. అద్దాల బల్లలో అరచేతిలో పట్టేంత ఇనప పెట్టెలు, ఎరుపూ పసుపూ ఆకుపచ్చా, ఒక్కోదానికి మూడు నాలుగు గుండ్రటి బిరడాలు, కింద కాలితో నొక్కే బొడిపె. చూడగానే అతనికి తన ల్యాబులో పళ్ల రంగుల పెట్టె గుర్తొచ్చింది. దుకాణం నడిపే ఆవిడకు జుట్టు సగం నెరిసింది. కళ్లజోడు తాడుతో మెళ్లో వేలాడుతోంది. ఆవిడా ఒకప్పుడు బ్యాండ్లలో గిటార్ వాయించిందని గోడ మీది ఫోటోలు చెబుతున్నాయి.

"ఏం వాయిస్తారండీ?"

"ఆల్టో సాక్సఫోన్."

"మైకుందా?"

"బావకు ఉండేది. ఉంది. అటక మీద ఉంది."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని అతన్ని ఒకసారి చూసింది. అటక గురించి అడగలేదు.

"మీకేం కావాలి?"

"ఇద్దరు వాయిస్తున్నట్టు వినిపించాలి."

"ఉన్నది ఒక్కరేనా?"

"ఇప్పుడు ఒక్కణ్నే."

"అయితే కూర్చోండి, ఇది అయిదు నిమిషాల పని కాదు" అందావిడ. "గిటార్ వాళ్లకైతే తీగ గుచ్చితే చాలు, పెట్టె పలుకుతుంది. మీది గాలి. ముందు గాలిని పట్టుకోవాలి, తర్వాత దాన్ని ఈ పెట్టెలకు అర్థమయ్యేలా మార్చాలి. చాలామంది మైకుని తీసుకెళ్లి నేరుగా గిటార్ పెట్టెలో గుచ్చేస్తారు. పిల్లి కూనలా పలుకుతుంది. మీ పెట్టె మంచిది కాదని నన్ను తిట్టిపోతారు."

అతనికి నవ్వొచ్చింది. ఆవిడ బల్ల కింద నుంచి ఒక చిన్న మైకు తీసింది. వంగే మెడ, చివర పట్టుకునే కొక్కెం. దాన్ని సాక్సఫోన్ వెడల్పు నోటి అంచుకు తగిలించింది.

"ఇక్కడ పెడితే కింది స్వరాలు మాత్రమే బాగా వింటుంది" అన్నాడతను. "పై స్వరాలు నోటి దాకా రావు, పక్క రంధ్రాల్లోంచే వెళ్లిపోతాయి."

"అదే చెప్పబోతున్నా. మీకు తెలుసే." ఆవిడ మైకు మెడ పొడుగ్గా లాగి, నోటికీ మీటలకూ మధ్యలో నిలబెట్టింది. "ఇప్పుడు రెండూ వింటుంది. ఊదండి."

ఏడు వారాల తర్వాత మొదటి స్వరం. పెదవి కింద కంపించే పలచటి వెదురు ముక్క, రీడ్, ఎండిపోయి ఉంది, పెదవి మర్చిపోయి ఉంది. స్వరం వణుకుతూ బయటికొచ్చింది. కానీ స్పీకర్‌లోంచి తిరిగొచ్చేసరికి దానికి ఒక నడక వచ్చింది. ఇంకోసారి ఊదాడు. మెడ నరాలు వదులయ్యాయి.

అక్కడి నుంచి అతనికి టైము తెలియలేదు.

మొదట ప్రతిధ్వని పెట్టె. ఆవిడ బిరడా తిప్పుతూ పోయింది. ఒకటి రైల్వే స్టేషన్‌లా ఉంది. ఒకటి నీళ్ల ట్యాంకులో తలపెట్టి ఊదినట్టుంది. ఒకటి మరీ గొప్పగా, ఆకాశం కింద ఒంటరిగా నిలబెట్టేసినట్టు ఉంది. అతను ప్రతిదానికీ తల అడ్డంగా ఊపాడు.

"మీక్కావలసింది ఏదో చెప్తే వెతుకుతా కదా."

"నాలుగంతస్తుల మెట్లు కావాలండీ. మొజాయిక్ మెట్లు. పైన రేకు తలుపు, మూసి ఉంటుంది."

ఆవిడ చెయ్యి ఆగింది. "ముప్ఫై ఏళ్లుగా అమ్ముతున్నాను. అంతస్తులు లెక్కచెప్పి అడిగినవాళ్లు మీరే" అని మూడు బిరడాలు మెల్లగా, తాళం తీస్తున్నట్టు తిప్పింది. "ఇప్పుడు?"

ఊదాడు. స్వరం పైకి ఎక్కింది, ఎక్కడో తగిలింది, మెత్తబడి కిందికి దిగింది. రేకు తలుపు కూడా ఉంది అందులో.

తర్వాత స్వరాన్ని ఒక స్థాయి కిందికి దించే పెట్టె. దాన్ని తొక్కి ఊదగానే ఆల్టోలోంచి లారీ బయల్దేరింది. అద్దాల బల్లలు గలగలమన్నాయి. గిటార్ తీగలు కొంటున్న ఇద్దరు ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. అతను సాక్సఫోన్ నోట్లోంచి తీసి నవ్వాడు. నవ్వుతున్నానని కాసేపటికి గాని అతనికి తెలియలేదు. వెంటనే ఇంకోసారి తొక్కాడు, లారీ కోసమే.

అసలైనది చివర తీసిందావిడ. జతగొంతు పెట్టె. మీరు ఏ స్కేలులో వాయిస్తారో చెబితే, మీరు ఊదే ప్రతి స్వరానికీ అదే స్కేలులోంచి ఇంకో స్వరం వెతికి కింద కలుపుతుంది.

"మీ పాట ఏ స్కేలు?"

"జి" అన్నాడతను తడుముకోకుండా. కాగితం మీద ముప్ఫై ఏళ్లుగా ఉన్నది అదే.

ఆవిడ పెట్టెలో జి పెట్టింది. అతను కళ్లు మూసుకుని ఊదాడు. మొదటి స్వరానికే మొహం చిట్లించుకున్నాడు. కొన్ని స్వరాలకు కింది గొంతు చక్కగా కలుస్తోంది. కొన్నింటికి మాత్రం మాటల్లేని ఇద్దరిని ఒకే గదిలో పెట్టినట్టుంది. పాటకు కాళ్లలాంటి మూడు స్వరాలున్నాయి. తిరిగి తిరిగి పాట వాటి మీదికే వస్తుంది. సరిగ్గా ఆ మూడే పుల్లబడుతున్నాయి. ఆవిడ పెట్టె మార్చింది. ఇంకో కంపెనీది తెచ్చింది. అదే పులుపు.

"మీ ఊపిరిని ఇది సరిగ్గా పట్టుకోలేకపోతోందేమో" అంది, కాస్త నొచ్చుకుంటూ. "ఇంటికి తీసుకెళ్లండి అన్నీ, స్పీకర్లతో సహా. ప్రశాంతంగా చూసుకోండి. సోమవారం తెచ్చిస్తే చాలు."

బుధవారం అతను ల్యాబులో మధ్యాహ్నం భోజనం మానేసి ఒక పని చేశాడు. మైకు కొక్కెం లోహానికి లోహం తగిలి ఉండటంతో, మీటలు నొక్కిన ప్రతిసారీ టకటకమనే చప్పుడు స్పీకర్‌లోకి పోతోంది. పళ్ల సెట్టు చిగుళ్లకు నొప్పి తగలకుండా లోపల వేసే మెత్తటి గులాబీ పదార్థం కొంచెం కలిపి, కొక్కెం నోటికి అచ్చు పోశాడు. ఆరాక అంచులు నున్నగా అరగదీశాడు. పక్క బల్లవాడు చూసి, "ఎవరి చిగురండీ ఇది, ఇంత వంకరగా ఉంది" అన్నాడు.

ఇంటికొచ్చి పరీక్షించాడు. టకటక పోయింది. ఆ ఉత్సాహంలో జతగొంతు పెట్టె పనిపట్టాడు. చెప్పులు విడిచి, ఉత్త పాదాలతో బొడిపెలు తడుముకుంటూ, అదే ముక్క ఊదాడు. మళ్లీ ఊదాడు. బిరడా ఇటు తిప్పి, అటు తిప్పి ఊదాడు. అమ్మ తలుపు దగ్గరికొచ్చి చూసింది.

"ఊదుతున్నావా, కుట్టుమిషను తొక్కుతున్నావా?"

"రెండూనమ్మా."

"ఏదో ఒకటి చెయ్యరా. ఎదురింటివాళ్లు కిటికీలు వేసుకున్నారు."

అమ్మ లోపలికెళ్లి అల్లుడికి ఫోన్ చేసింది. ఆ సంగతి అతనికి తెలియదు. గంట తర్వాత మళ్లీ అదే ముక్క మొదలుపెట్టి, అదే చోట మొహం చిట్లించుకున్నప్పుడు, గుమ్మంలోంచి మాట వినబడింది.

"ఏ స్కేలు పెట్టావురా?"

బావ. పని బట్టలు కూడా మార్చుకోలేదు. జేబులో స్క్రూడ్రైవరు అలాగే ఉంది.

"జి."

"ఎవరి జి?"

అతను సాక్సఫోన్ దించాడు. చెవులు వేడెక్కాయి.

సంగతి ఇది. ఆల్టో సాక్సఫోన్ మీద జి అని వేళ్లు పెట్టి ఊదితే, బయటి లోకానికి వినబడేది జి కాదు, బి ఫ్లాట్. ఆ వాయిద్యం తయారీయే అంత. ఊదేవాడి కాగితంలో ఒక పేరు, పియానోవాడి కాగితంలో ఇంకో పేరు. ఇది అతనికి తెలియక కాదు. ఎనిమిదో ఏట నేర్చుకున్న మొదటి పాఠమే అది. కానీ ఆ తర్వాత ఒక్కసారి కూడా దాన్ని బయటివాళ్లకు చెప్పాల్సిన అవసరం రాలేదు. బ్యాండ్లతో, గాయకులతో, హాలు మేనేజర్లతో మాట్లాడింది అక్క. ఎవరి పేరును ఎవరి పేరులోకి మార్చాలో మార్చి, కాగితాలు రాసింది అక్క. అతను తన జి లోనే హాయిగా ముప్ఫై ఏళ్లు కాపురం చేశాడు.

"ఆ మైకుకి సాక్సఫోన్ అని తెలుస్తుందట్రా? అది చెవితో వింటుంది, నీ వేళ్లు చూడదు" అన్నాడు బావ. వంగి బిరడా బి ఫ్లాట్‌కి తిప్పాడు. తిప్పాక, తాను దాన్ని ముట్టుకున్నానని గుర్తొచ్చినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఊదు."

ఊదాడు.

కింది గొంతు వచ్చి పక్కన నిలబడింది. పులుపు లేదు, తగువు లేదు. ఆ మూడు స్వరాల దగ్గర పాట కాళ్లు నేలకు ఆనాయి. అతను ఆపకుండా పాట నడిమి భాగం మొత్తం ఊదేశాడు. చివరి స్వరం మెట్లన్నీ దిగిపోయేదాకా ఇద్దరూ కదల్లేదు.

"మళ్లీ" అన్నాడు బావ, కింద చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటూ. "ముందు చెప్పు, ఆ గులాబీరంగుది ఏంటి?"

"మీటల చప్పుడు పోవడానికి. ల్యాబులో చేశా."

"సాక్సఫోన్‌కి చిగుళ్లు పెట్టావన్నమాట. ఇంక పళ్లు పెడితే దాని తిండి అదే తింటుంది."

ఆ తర్వాత బావను ఆపడం ఎవరి తరమూ కాలేదు. తన నుదుటి దీపం పెట్టుకుని పెట్టెల వెనక చూశాడు. తీగలు పీకి వరస మార్చాడు. జతగొంతు ముందు, ప్రతిధ్వని చివర. "మెట్ల చప్పుడు కలిసిపోయాక జత వెతకమంటే దాని బుర్ర తిరగదూ?" అని తిట్టాడు. మెట్ల చప్పుడు ఇంకాస్త కురచ చేయమన్నాడు. "మీ బిల్డింగు లిఫ్టు దారి నేనే కొలిచాను, పదమూడు మీటర్లు. ఇది పదహారుంది." తిప్పితే నిజంగానే బాగుంది. ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినకుండా మాట్లాడుతున్నారు. అమ్మ టీ తెచ్చి పెడితే, బావ అది చూసుకోకుండా పక్కకు జరిపి దాని చోట తీగ పెట్టాడు.

"ఇంకా ఏదో తేడాగా ఉంది" అన్నాడతను.

"ఉంది. అది నీతోపాటే వస్తోంది, సరిగ్గా అదే క్షణానికి. మీ అక్క అలా వచ్చేది కాదు. వెంట్రుకవాసి వెనక వచ్చేది. నీ భుజం లేవడం చూసి గాని ఊదేది కాదు."

"నాకెప్పుడూ తెలియలేదే."

"నీకెలా తెలుస్తుంది, నువ్వు ముందుంటావుగా. మిక్సర్ దగ్గర కూర్చున్నవాణ్ని, నాకు తెలుసు."

జతగొంతుకు మాత్రమే వర్తించేలా ఆలస్యం పెట్టారు. బావ చెవులు రిక్కించి ఒక్కో మెట్టూ పెంచుతూ పోయాడు. సెకనులో వందో వంతు. యాభయ్యో వంతు. ఇరవై అయిదో వంతు దగ్గర చెయ్యి ఎత్తాడు. దాన్ని ఎడమ స్పీకర్‌లోకి మళ్లించాడు, అక్క నిలబడే వైపుకు.

అతను ఊదాడు. నడిమి భాగం సగంలో ఉండగా వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి గదంతా కలయజూసింది. అతను ఆపేశాడు.

"అది అలాగే ఉంచుతారా?" అంది అమ్మ.

"వద్దంటే తీసేస్తాం" అన్నాడు బావ, తలెత్తకుండా.

"తీయొద్దు. బాగుంది." కొడుకు వైపు చూసింది. "కానీ అది పలికేటప్పుడు ఎడమవైపు తిరిగి చూడకు. అలవాటు కొద్దీ చూస్తావు. అక్కడ ఎవరూ ఉండరు."

లోపలికెళ్లిపోయింది. బావ చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగాడు.

అసలు చిక్కు అప్పుడు బయటపడింది. పాట మొదటినుంచి వాయిద్దామని సాక్సఫోన్ ఎత్తాక అతను అలాగే ఉండిపోయాడు. 'మెట్లు' మొదలయ్యేది ఆల్టోతో కాదు. నొటేషన్ కాగితంలో మొదటి నాలుగు గడులు అక్కవి. అక్క ఒక్కతే ఊదుతుంది. అయిదో గడిలో అతను వస్తాడు. జతగొంతు పెట్టె ఎంత గొప్పదైనా, ఎవరో ఊదితేనే వెంట వస్తుంది. దానంతట అది మొదలుపెట్టదు.

"పోయినేడు కచేరీ రికార్డు నా దగ్గరుంది" అన్నాడు బావ. "ఆ నాలుగు గడులూ కోసి నీ కాలి కింద పెట్టొచ్చు. తొక్కితే మీ అక్కే మొదలుపెడుతుంది."

అతనికి ఆశ పుట్టింది. ఆ ఆశ చూసి అతనికే భయమేసింది. ఆ నాలుగు గడులు వినాలని ఉంది. కానీ అవి అయిపోయి అయిదో గడిలో తాను ఊదాల్సి వచ్చినప్పుడు, ఊపిరి అందుతుందా?

"నేనే ఊదుతా" అన్నాడు.

కాగితం తీశాడు. పై వరస తనది, కింది వరస అక్కది. రెండూ ఆవిడ చేతిరాతే. ఇన్నేళ్లూ కింది వరస కళ్లముందే ఉన్నా అతను ఒక్కసారీ చదవలేదు. ఇప్పుడు చదివాడు. అక్క వరసలో స్వరాన్ని అర మెట్టు పైకి జరిపే షార్పు ఒక్కటీ లేదు, కిందికి దించే ఫ్లాటూ ఒక్కటీ లేదు. ఉత్త సి స్కేలు.

"చూశావా బావా. నాకు షార్పు తగిలించి తను సులువుది ఉంచుకుంది."

"నాకు వంట అప్పగించి తను కూరలు తరిగేది. మనిషి తీరే అంత."

పెన్సిలు తీసుకుని, జీవితంలో మొదటిసారి అతనే ఒక వాయిద్యం పేర్లను ఇంకో వాయిద్యం పేర్లలోకి మార్చాడు. సి ఉన్నచోట జి. డి ఉన్నచోట ఎ. మొదటి గడిలో రెండుచోట్ల తప్పితే బావ పట్టుకున్నాడు. ఊపిరి తీసుకునే చోట అక్క పెట్టిన చిన్న కామాలు ఉన్నవి ఉన్నట్టు దించుకున్నాడు. మూడో గడిలో రెండు స్వరాలు మాత్రం ఆల్టోకు అందనంత కింద ఉన్నాయి. అక్కడికి లారీ పనికొచ్చింది. స్థాయి దించే పెట్టెను ఆ రెండు స్వరాలకే తొక్కి, వెంటనే కాలు తీసేయాలి.

గురువారం పొద్దున మేనేజరుకు ఫోన్ చేసి, "వస్తున్నాం" అన్నాడు. మేనేజరు ఎంతమందని అడగలేదు.

శనివారం నాలుగింటికి హాల్లో తీగలు పరిచారు. బావ అటక మీది మైకు స్టాండ్లూ పాత మిక్సరూ దించి తెచ్చాడు. మొదటి స్వరానికే స్పీకర్లు కీచుమని అరిచాయి. మేనేజరు చెవులు మూసుకున్నాడు. బావ కంగారుపడలేదు. వేదిక మీది స్పీకర్ సరిగ్గా సాక్సఫోన్ నోట్లోకి చూస్తోంది. తన చప్పుడు తనే విని మైకు అరుస్తోంది. దాన్ని రెండడుగులు పక్కకు తిప్పాడు. అరుస్తున్న స్వరం ఏదో ఈలవేసి పట్టుకుని మిక్సర్‌లో అక్కడే కొంచెం కోశాడు. "ఇప్పుడు గట్టిగా ఊదు" అన్నాడు. గట్టిగా ఊదాడు. ఖాళీ హాలు మెట్లన్నీ ఎక్కి దిగింది. అతనికి అప్పుడే, అక్కడే కచేరీ చేసేయాలనిపించింది. ఆరింటిదాకా కాళ్లు ఒకచోట నిలవలేదు. వేదిక వెనక వరండాలో అటూ ఇటూ తిరుగుతూ, ఏది తొక్కాలో, ఎప్పుడు తొక్కాలో పాదాలతో వల్లెవేసుకున్నాడు.

ఆరింటికి హాలు నిండింది. వెనక వరసలో దుకాణం ఆవిడ కళ్లజోడు పెట్టుకుని కూర్చుంది. అమ్మ ముందు వరసలో. అతను వేదిక మధ్యలో కాక, ఎప్పుడూ నిలబడే కుడివైపే నిలబడ్డాడు. చెప్పులు విడిచాడు. అన్ని పెట్టెల దీపాలూ ఆరిపోయి ఉన్నాయి.

మొదటి గడి. ప్రతిధ్వని లేదు, జత లేదు, ఏమీ లేదు. ఉత్త ఆల్టో, టెనర్ మాటలు పలుకుతోంది. మొదటి కామా దగ్గర ఊపిరి తీసుకున్నాడు. అక్కడ తీసుకోవడం తనకు అలవాటు లేదు, ఛాతీ ఇంకా సగం నిండే ఉంది. అయినా తీసుకున్నాడు. రెండో గడి. మూడో గడిలో లారీ పెట్టెను ఒక స్వరం ముందే తొక్కేశాడు. రెండు రావాల్సినచోట మూడు బరువైన స్వరాలు దిగాయి. హాలు అది పాటలోదే అనుకుంది. వెనక వరసలో ఒక్క కళ్లజోడు మాత్రం నవ్వింది. నాలుగో గడి. చివరి స్వరాన్ని అక్క ఎంతసేపు పట్టేదో అంతసేపూ పట్టాడు.

అయిదో గడికి రెండు పాదాలతో రెండు బొడిపెలు ఒకేసారి తొక్కాడు.

ఎడమవైపు నుంచి, వెంట్రుకవాసి వెనకగా, కింది గొంతు వచ్చింది. దాని వెనకాలే మెట్లు తెరుచుకున్నాయి. వేళ్లు వాటంతట అవే పరుగెత్తాయి. వేగం కొంచెం పెంచాడు. కింది గొంతు తడబడకుండా వెంట వచ్చింది. మిక్సర్ దగ్గర బావ తల ఊపుతున్నాడు, మడమతో తాళం వేస్తున్నాడు, ఒక చెయ్యి గాల్లో ఎత్తి ఎవరినో పైకి రమ్మన్నట్టు ఊపుతున్నాడు. ఇంత ఆనందంగా ఊదడం తప్పేమోనని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణంలో కూడా ఊదుతూనే ఉన్నాడు. ఎడమవైపు మాత్రం చూడలేదు. పాదాల దగ్గర వెలుగుతున్న రెండు ఆకుపచ్చ దీపాలను చూస్తూ వాయించాడు.

పాట అయిపోయింది. చివరి స్వరం రేకు తలుపుకు తగిలి దిగొచ్చేదాకా ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తర్వాత కొట్టారు, చాలాసేపు.

తీగలు చుడుతున్నప్పుడు బావ అన్నాడు: "లారీ ముందే బయల్దేరిందే."

"చూశావా?"

"మిక్సర్ దగ్గరున్నవాణ్ని, నాకు తెలియదా. వచ్చే ఏడాదికి సరిచెయ్యి."

దుకాణం ఆవిడ వచ్చి, సోమవారం పెట్టెలు తెచ్చివ్వనక్కర్లేదని, అవి ఇక మీవేనని ముందే రాసుకున్నానని చెప్పింది. గులాబీరంగు చిగురును ముట్టుకుని చూసి, అలాంటివి ఇంకో పది చేసిపెట్టమంది. అమ్మ కొడుకు చెప్పులు వెతికి తెచ్చి అతని కాళ్ల ముందు పెట్టింది.

సామాన్లు బావ ఇంట్లో దింపారు. మిక్సరు ఈసారి అటకెక్కలేదు, ముందు గదిలో బల్ల మీద ఉంది. బల్ల పక్కన, గోడకు ఆనించి, అక్క టెనర్ పెట్టె ఉంది, ఆస్పత్రి నుంచి తెచ్చి పెట్టినట్టే. ఊదడం అయ్యాక రీడ్ విప్పి, తుడిచి, విడిగా పెట్టాలని అక్క అతని చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. ఆస్పత్రికి వెళ్లే రోజు పొద్దున ఆవిడ కాసేపు ఊదుకుంది. అప్పటికే బయట ఆటో వచ్చేసింది. నోటి తడి ఆరని రీడ్ విప్పకుండానే పెట్టె మూసింది. అది బావ చూశాడు, అతనికి చెప్పాడు.

ఆ పెట్టె తెరిచి రీడ్ తీయాలి. ఇంకా తీయలేదు.